దాత పేరు, విద్యార్థి బ్రతుకు : పేరాదెనియ ఉపకారవేతనాలు నేర్పే పాఠం

ఉపకారవేతనానికి ఒక పేరు పెట్టడం మనకు కొత్త కాదు. తల్లిదండ్రుల జ్ఞాపకార్థం తమ ఊరి పాఠశాలలో బహుమతి నెలకొల్పినవారు, పదవీ విరమణ నాడు చేతికి వచ్చిన మొత్తంలో కొంత భాగాన్ని తాము చదివిన కళాశాలకు సమర్పించినవారు ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులలో ఎందరో ఉన్నారు. అయితే ఆ పేరు ఎంతకాలం నిలుస్తుంది, నిలిచినంతకాలం అది విద్యార్థికి నిజంగా తోడ్పడుతుందా అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. శిలాఫలకం మీద పేరు చెక్కుచెదరక ఉండి, దాని కింద ఇచ్చే మొత్తం ఒక పాఠ్యపుస్తకానికైనా చాలని స్థితికి చేరిన సందర్భాలు పాఠకులకు తెలియనివి కావు.

ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకడానికి మేము పొరుగున ఉన్న శ్రీలంకను, అందునా క్యాండీ చెంత మహావేలి నది ఒడ్డున వెలసిన పేరాదెనియ విశ్వవిద్యాలయాన్ని ఎన్నుకొన్నాము. దీనికి కారణం ఉంది. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో డిగ్రీ చదువుకు బోధనా రుసుము లేదు. ఒక యంత్రాన్ని పరీక్షించేటప్పుడు ఇంజనీర్లు మిగిలిన అంశాలన్నిటినీ స్థిరంగా ఉంచి ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి చూస్తారు. రుసుము అనే అంశం లేనిచోట ఉపకారవేతనం చేసే పని ఏమిటో స్పష్టంగా కనబడుతుంది.

విద్యాలయం కన్నా ముందు వేతనం

శ్రీలంకలో విశ్వవిద్యాలయం కన్నా ఉపకారవేతనమే ముందు పుట్టింది. బ్రిటిషు పాలనలో, 1870 నుంచి, పరీక్షలో అగ్రస్థానం పొందిన విద్యార్థిని ఇంగ్లండుకు పంపి చదివించే ఏర్పాటు జరిగింది. తొలినాళ్లలోనే ఆ అవకాశం పొందిన పొన్నంబలం అరుణాచలం కేంబ్రిడ్జిలో చదివి, తిరిగి వచ్చి సివిల్ సర్వీసులో ఉన్నత పదవులు నిర్వహించారు. ఏటా ఒకరో ఇద్దరో సముద్రం దాటి చదువుకొంటే దేశానికి సరిపోతుందా అన్న ప్రశ్న వేసినవారిలో ఆయనే ముఖ్యులు. 1906లో ఆరంభమైన విశ్వవిద్యాలయ ఉద్యమంలో ఆయనతోపాటు కళాతత్త్వవేత్త ఆనంద కుమారస్వామి కూడా పాల్గొన్నారు.

ఆ కృషి ఫలించడానికి దశాబ్దాలు పట్టింది. 1921లో కొలంబోలో యూనివర్సిటీ కళాశాల మాత్రం ఏర్పడింది. 1942 జులై 1న సిలోన్ విశ్వవిద్యాలయం అవతరించగా, సర్ ఐవర్ జెన్నింగ్స్ తొలి ఉపాధ్యక్షులైనారు. పేరాదెనియలో నివాస ప్రాంగణం నిర్మించి 1952లో విశ్వవిద్యాలయాన్ని ప్రధానంగా అక్కడికి తరలించారు. అక్కడి విద్యార్థి వసతి గృహాలలో ఒకదానికి అరుణాచలం పేరు పెట్టడం ఎంతో సముచితం. ఒకనాడు ఉపకారవేతనం పొందిన విద్యార్థి, వేలాది విద్యార్థులు స్వదేశంలోనే చదువుకోవడానికి బాట వేశాడు. పేరున్న వేతనానికి ఇంతకు మించిన ప్రతిఫలం వేరొకటి ఉండదని మా భావన.

చదువు ఉచితం, జీవనం కాదు

ఇటువంటి రెండవ ఉదాహరణ సి. డబ్ల్యు. డబ్ల్యు. కన్నంగరది. 1884లో జన్మించిన ఈయన అంబలన్‌గొడలో చదువుకొంటూ ఒక మిషనరీ ప్రధానోపాధ్యాయుని దృష్టిలో పడి, ఉపకారవేతనంపై గాలె నగరంలోని రిచ్‌మండ్ కళాశాలలో చేరగలిగారు. న్యాయవాదియై, 1931 నుంచి 1947 వరకు విద్యామంత్రిగా పనిచేశారు. ఆయన కృషి ఫలితంగా 1945 అక్టోబరు 1 నుంచి కిండర్‌గార్టెన్ మొదలు విశ్వవిద్యాలయం వరకు ఉచిత విద్య అమలులోకి వచ్చింది. గ్రామీణ ప్రాంతాలలో కేంద్ర విద్యాలయాలు నెలకొల్పి, అయిదవ తరగతిలోని ఉపకారవేతన పరీక్ష ద్వారా పేద పిల్లలను వాటిలో చేర్చుకొన్నారు. తనకు దక్కిన ఒక్క అవకాశాన్ని దేశంలోని పిల్లలందరి హక్కుగా మార్చినవాడు కన్నంగర.

అయితే ఉచిత విద్య అనే మాటను ఇక్కడ జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. రుసుము లేకపోయినంత మాత్రాన పూటకూళ్లు, గది అద్దె, బస్సు చార్జీలు, నోటు పుస్తకాలు ఉచితంగా రావు. ఇంజనీరింగు విద్యార్థికి వర్కుషాపు దుస్తులు, డ్రాయింగు సామగ్రి కావాలి. వీటన్నిటికన్నా పెద్ద ఖర్చు ఒకటి ఉంది. చదువుకొనే వయసు వచ్చిన కొడుకో కూతురో సంపాదించి ఇంటికి తెచ్చే కూలి ఆగిపోవడమే ఆ ఖర్చు. పేద కుటుంబానికి చదువు ఖరీదు రుసుములో కాక ఈ ఆగిపోయిన సంపాదనలో ఉంటుంది.

అడ్మిషన్ పద్ధతి ఈ సమస్యను మరింత తీవ్రం చేస్తున్నది, అది కూడా ఒక మంచి కారణంతోనే. ఇంజనీరింగు, వైద్యం వంటి కోర్సులలో 40 శాతం సీట్లను దేశవ్యాప్త ప్రతిభ ఆధారంగాను, 55 శాతం సీట్లను జనాభాను అనుసరించి జిల్లాలవారీగాను, మిగిలిన 5 శాతం వెనుకబడిన జిల్లాలకు అదనంగాను కేటాయిస్తారు. వేర్వేరు సబ్జెక్టులలో వచ్చిన మార్కులను పోల్చడానికి 2001 నుంచి జెడ్ స్కోరు పద్ధతి అమలులో ఉంది. విద్యార్థి మార్కు నుంచి ఆ సబ్జెక్టు సగటును తీసివేసి, వచ్చిన దానిని ప్రామాణిక విచలనంతో భాగిస్తే ఈ స్కోరు లభిస్తుంది. నాణ్యతా నియంత్రణ విభాగంలో పనిచేసిన మన సహోద్యోగులకు ఈ లెక్క సుపరిచితమే. ఈ కేటాయింపు వలన మారుమూల జిల్లా పిల్లలకు సీటు దక్కుతున్నది. కాని సీటు దక్కినవారే ఇంటికి అతి దూరంగా, అతి తక్కువ డబ్బుతో బ్రతకవలసి వస్తున్నది. తలుపు తెరిచినంత మాత్రాన సరిపోదు, లోపల నిలదొక్కుకొనే ఆధారం కూడా కావాలి. ఆ ఆధారమే ఉపకారవేతనం.

మారుమూల నుంచి వచ్చిన ప్రతిభ ఎంత దూరం పోగలదో చెప్పడానికి సివిల్ ఇంజనీర్లకు ఒక్క పేరు చాలు. శ్రీలంక ఉత్తరపు కొసన ఉన్న పాయింట్ పెడ్రోలో హార్ట్‌లీ కళాశాలలో చదివిన అళగయ్య తురైరాజా కేంబ్రిడ్జిలో మృత్తికా యాంత్రిక శాస్త్రంలో పరిశోధన చేశారు. రాస్కో, స్కోఫీల్డులతో కలిసి 1963లో ఆయన ప్రచురించిన పత్రం, ఈనాడు క్యామ్ క్లే అని పిలిచే సిద్ధాంతానికి పునాదులలో ఒకటి. నల్లరేగడి నేలల మీద పునాదులు వేసే మనవారు వాడే సాఫ్టువేరులోనూ ఆ సిద్ధాంతపు వారసత్వం ఉంది. ఆయన పేరాదెనియలో ఇంజనీరింగు విభాగానికి డీనుగా, 1988 నుంచి 1994 వరకు జాఫ్నా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా సేవలందించారు.

సంత సొమ్ముతో చదువు

ఇక ప్రధాన విషయానికి వద్దాము. శ్రీలంక విద్యార్థికి ఉపకారవేతనం అనగానే స్ఫురించే పేరు మహాపొల. సింహళంలో పొల అంటే సంత. మహాపొల అంటే పెద్ద సంత అని అర్థం. ఒక ఉపకారవేతనానికి సంత పేరు ఎలా వచ్చిందన్నది ఆసక్తికరమైన విషయం.

1978 తరువాత వాణిజ్య మంత్రిగా ఉన్న లలిత్ అతులత్ ముదలి దేశంలోని వివిధ పట్టణాలలో మహాపొల పేరిట వాణిజ్య ప్రదర్శనలు నిర్వహింపజేశారు. వాటి ద్వారా వచ్చిన ఆదాయాన్ని విశ్వవిద్యాలయ విద్యార్థుల కోసం నిధిగా మార్చారు. 1981లో 66వ నంబరు చట్టం ద్వారా మహాపొల ఉపకారవేతన, ఉన్నత విద్యా ట్రస్టు నిధి ఏర్పడింది. తరువాత అభివృద్ధి లాటరీ ఆదాయంలో కొంత భాగం కూడా ఈ నిధికి చేరసాగింది. ప్రభుత్వ ఖజానా తన వంతు కలుపుతున్నది.

ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో చదివి, 1958లో అక్కడి చర్చా సంఘమైన ఆక్స్‌ఫర్డు యూనియన్‌కు అధ్యక్షుడైన అతులత్ ముదలి 1993 ఏప్రిల్ 23న కొలంబోలో ఒక ఎన్నికల సభలో హత్యకు గురైనారు. ఆ తరువాత నిధికి ఆయన పేరు కూడా చేర్చారు. ఆయనను పదవిలో ఉంచిన పక్షం ఓడింది, ఎదుటి పక్షాలు గెలిచాయి, మళ్లీ ఓడాయి. నిధి మాత్రం ఆగలేదు. దీనికి కారణం దాని నిర్మాణమేనని మేము తలుస్తున్నాము. ట్రస్టు బోర్డుకు దేశ ప్రధాన న్యాయమూర్తి అధ్యక్షత వహిస్తారు. మంత్రి మారినప్పుడల్లా నిధి దిశ మారకుండా ఈ ఏర్పాటు ఒక స్టెబిలైజరులా పనిచేసింది.

లాటరీ డబ్బుతో చదువు చెప్పించడం ధర్మమేనా అని సందేహించే పాఠకులు ఉండవచ్చు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్నది మన సామెత. లాటరీ టిక్కెట్టు కొనేవారిలో అధికులు పేదలే కనుక, పేదవాని జేబు నుంచి తీసి పేదవాని కొడుక్కు ఇచ్చినట్లవుతుందన్న విమర్శలో నిజం లేకపోలేదు. కేరళ రాష్ట్రం 1967 నుంచి ప్రభుత్వ లాటరీ నడుపుతున్నందున మన దేశానికి కూడా ఈ చర్చ కొత్తది కాదు. ఆదాయం ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడికి పోయిందో ఏటా ప్రజలకు లెక్క చూపడమే ఈ సందేహానికి కనీస సమాధానం.

ఎంపిక, చెల్లింపు

మహాపొలలో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి పూర్తిగా ప్రతిభకు ఇచ్చేది, రెండవది కుటుంబ ఆదాయాన్ని లెక్కలోకి తీసుకొని ఇచ్చే సాధారణ వేతనం. ఈ రెండింటి మధ్య మొత్తంలో తేడా చాలాకాలం నెలకు 50 రూపాయలు మాత్రమే. ప్రతిభా వేతనం 5,050 రూపాయలు, సాధారణ వేతనం 5,000 శ్రీలంక రూపాయలు. ఈ 50 రూపాయల తేడా చూసి నవ్వుకోవచ్చును గాని, దానిలో ఒక వివేకం ఉంది. ప్రతిభకు గౌరవం గుర్తింపుతో జరిగింది, అవసరానికి డబ్బు దాదాపు సమానంగా అందింది. మొదటి ర్యాంకు వానికి పెద్ద మొత్తం, పదవ ర్యాంకు వానికి ఏమీ లేకుండా చేసే మన బహుమతుల పద్ధతితో దీనిని పోల్చి చూడవలసి ఉంది.

మహాపొల దక్కని అర్హులకు విశ్వవిద్యాలయాల ద్వారా బర్సరీ అనే మరొక సహాయం లభిస్తుంది. వేతనాన్ని సంవత్సరానికి పన్నెండు నెలలకు కాక పది వాయిదాలలో చెల్లిస్తారు. మిగిలిన రెండు నెలలు విద్యార్థి ఎలా బ్రతకాలన్నది లెక్కలో లేదు.

ధరల వేగం ముందు

నిధి యంత్రం ఎంత చక్కగా తయారైనా దానిమీద పడే భారం మారుతూ ఉంటుంది. 2022లో శ్రీలంక ఆర్థిక సంక్షోభంలో చిక్కుకొని, ఆ ఏడాది ఏప్రిల్ 12న విదేశీ రుణాల చెల్లింపును నిలిపివేసింది. సెప్టెంబరు నాటికి కొలంబో వినియోగదారుల ధరల సూచీ అంతకు ముందు సంవత్సరం కన్నా దాదాపు 70 శాతం పెరిగింది. మహాపొల మాత్రం 5,000 వద్దనే ఉండిపోయింది.

దీని అర్థాన్ని లెక్కలో చూద్దాము. 5,000ను 1.7తో భాగిస్తే సుమారు 2,940 వస్తుంది. అనగా విద్యార్థి చేతిలో కాగితం మీద అయిదు వేలు ఉన్నా, ఏడాది క్రితపు ధరల్లో దాని విలువ మూడు వేలకు తక్కువే. ఎవరూ ఒక్క ఉత్తర్వు జారీ చేయకుండానే వేతనంలో అయిదింట రెండు వంతులు కోత పడింది. 2025 బడ్జెట్టులో సాధారణ మహాపొలను 5,000 నుంచి 7,500కు, బర్సరీని 4,000 నుంచి 6,500కు పెంచుతున్నట్లు ప్రకటించారు. ఇది ఆనందదాయకమే. కాని సంక్షోభం నాటి ఆ ఒక్క సంవత్సరపు పెరుగుదలకు సరిపడాలన్నా 8,500 కావలసి ఉండెను. ఈ మధ్యలో కొన్ని బ్యాచీల విద్యార్థులు చదువు ముగించుకొని వెళ్లిపోయారు. ఆలస్యంగా వచ్చిన పెంపు వారికి చేరదు.

మన దేశపు పేర్లు, మనవారి పిల్లలు

శ్రీలంక విద్యార్థులకు పరిచితమైన మరికొన్ని పేర్లు మన దేశానివి. డిగ్రీ చదువుకు నెహ్రూ స్మారక ఉపకారవేతనం, ఉన్నత విద్యకు మౌలానా ఆజాద్ ఉపకారవేతనం, సమాచార సాంకేతిక రంగానికి రాజీవ్ గాంధీ ఉపకారవేతనం కింద భారత ప్రభుత్వం అక్కడి యువకులను మన విశ్వవిద్యాలయాలలో చదివిస్తున్నది. మహాత్మా గాంధీ పేరిట ఉన్న ఉపకారవేతనం అక్కడి ఉన్నత పాఠశాల విద్యార్థుల కోసం. ఇవికాక తేయాకు తోటల కార్మికుల పిల్లల కోసం 1940లలోనే ఏర్పడిన ఒక విద్యా ట్రస్టు మన హై కమిషన్ ఆధ్వర్యంలో వేతనాలు ఇస్తూ వచ్చింది.

ఆ చివరి దాని ప్రాముఖ్యం తెలియాలంటే కొంత చరిత్ర అవసరం. పేరాదెనియ నుంచి కొండలెక్కితే తేయాకు తోటలు మొదలవుతాయి. 19వ శతాబ్దంలో దక్షిణ భారతం నుంచి వెళ్లిన కూలీల సంతతి ఆ తోటల లైన్ గదులలో జీవిస్తున్నది. 1948 నాటి పౌరసత్వ చట్టంతో వారిలో అధిక సంఖ్యాకులు ఏ దేశానికీ చెందనివారైనారు. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకె కుదుర్చుకొన్న ఒప్పందం ప్రకారం 5,25,000 మందిని భారతదేశం, 3,00,000 మందిని శ్రీలంక స్వీకరించవలసి ఉంది. మిగిలిన లక్షన్నర మందిని 1974లో చెరిసగం పంచుకొన్నారు. చివరకు 2003 చట్టంతో గాని ఈ సమస్య కొలిక్కి రాలేదు. 1945లో పలికిన ఉచిత విద్య అనే మాట ఈ పిల్లల చెవికి చేరడానికి ఎంతకాలం పట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు. విశ్వవిద్యాలయం కంటి ముందే ఉన్నది, దారి మాత్రం దశాబ్దాల దూరం.

తెలుగు పాఠకులు తెలుసుకోదగిన మరొక సంగతి ఉంది. శ్రీలంకలో అహికుంటికులు అనే చిన్న సంచార సమాజం ఉంది. పాములాడించి, జోస్యం చెప్పి జీవించిన వీరి ఇంటి భాష తెలుగు. తంబుత్తేగమ సమీపంలోని కుడాగమ, తూర్పున అలిగంబె వంటి చోట్ల వీరి స్థిర నివాసాలు ఉన్నాయి. క్యాండీని 1815 వరకు ఏలిన నాయక్కర్ రాజులు కూడా తెలుగు మూలాలు కలవారే. ఒక భాష అక్కడ సింహాసనం మీదా, పాములబుట్ట పక్కనా వినబడింది. పేరున్న ఏ ఉపకారవేతనాన్నయినా మేము కొలిచే కొలబద్ద ఇదే: కుడాగమలోని తెలుగు పిల్లవానికి అది చేరే దారి ఉన్నదా?

మనం గ్రహించవలసినది

శ్రీలంక అనుభవం నుంచి మనకు నాలుగు విషయాలు స్పష్టమవుతున్నాయి.

మొదటిది, వేతనం రుసుముకు కాక జీవనానికి సరిపోవాలి. మన చట్టాలు, పథకాలు రుసుము వాపసు గురించి ఎక్కువగా మాట్లాడుతాయి. హాస్టలు మెస్సు బిల్లు గురించి తక్కువగా మాట్లాడుతాయి. చదువు మధ్యలో మానివేయించేది ఆ రెండవదే.

రెండవది, నిధి నిర్వహణ దాత చేతిలోనో, ఒక అధికారి చేతిలోనో ఉండరాదు. పదవిని అనుసరించి సభ్యులయ్యేవారితో బోర్డు ఉంటే, మనుషులు మారినా పని సాగుతుంది.

మూడవది, మొత్తాన్ని ధరల సూచీతో ముడిపెట్టాలి. దీనికి ఒక చిన్న లెక్క చూపుతాము. ఎవరైనా లక్ష రూపాయలతో నిధి నెలకొల్పారనుకొందాము. దానిమీద 7 శాతం వడ్డీ వస్తే ఏటా 7,000 రూపాయలు. మొత్తం వడ్డీని ప్రతి ఏటా ఇచ్చివేస్తే, ధరలు 5 శాతం చొప్పున పెరిగే పక్షంలో దాదాపు 14 సంవత్సరాలలో ఆ 7,000 విలువ సగమవుతుంది, 28 సంవత్సరాలలో పాతిక వంతు మాత్రమే మిగులుతుంది. అలా కాక మొదటి ఏడు సుమారు 2,000 మాత్రమే ఇచ్చి, మిగిలిన 5,000 అసలులో కలిపితే, ఇచ్చే మొత్తం ఏటా ధరలతోపాటు 5 శాతం పెరుగుతూ కలకాలం నిలుస్తుంది. మొదటి సంవత్సరం ఇచ్చేది చిన్నదిగా కనబడవచ్చు. అందువలన విడివిడిగా పది మంది పది చిన్న నిధులు పెట్టడం కన్నా, ఒకే వృత్తిలో పనిచేసిన పది మంది కలిసి ఒక పెద్ద నిధి పెట్టడం మేలు. పేరు పది మందిదీ ఉండవచ్చును.

నాలుగవది, ఎంపికలో మార్కులతోపాటు అవసరానికి, దూరానికి చోటు ఉండాలి. మా సంస్థల టౌన్‌షిప్పు పాఠశాలలలో చదివే పిల్లలకు బహుమతులు ఇస్తున్నాము, ఇవ్వవలసినదే. కాని అదే టౌన్‌షిప్పు గోడ అవతల, కాంట్రాక్టు కార్మికుని ఇంట పుట్టిన పిల్ల ఇంటర్మీడియెట్ దాటి పాలిటెక్నిక్‌లో చేరగలిగితే, ఆమె నెల ఖర్చు ఎవరు చూస్తున్నారు? 2013 కంపెనీల చట్టంలోని సామాజిక బాధ్యతా నిబంధన విద్యకు ఖర్చు చేయడానికి అవకాశం ఇచ్చింది. భవనానికి శంకుస్థాపన చేయడం సులభం, ఫోటో కూడా బాగా వస్తుంది. నెల నెలా ఒక విద్యార్థి ఖాతాలో తప్పకుండా డబ్బు వేయడం కష్టం, దానికి ఫోటో ఉండదు.

అరుణాచలం పేరు నేడు ఒక వసతి గృహం మీద ఉంది. కన్నంగర పేరు వీధుల మీద ఉంది. కాని వారి నిజమైన స్మారకం ప్రతి సంవత్సరం ప్రవేశ జాబితాలో కనిపించే ఆ కొత్త పేర్లే. మనలో పదవీ విరమణకు దగ్గరపడుతున్నవారు తమ పేరిట గాని, తమ పెద్దల పేరిట గాని ఒక వేతనం నెలకొల్పదలచితే, పేరు ఎక్కడ రాయాలన్న దానికన్నా ముందు, ఇరవై ఏళ్ల తరువాత ఆ మొత్తంతో ఒక విద్యార్థి నెల రోజుల భోజనం గడుస్తుందా అని లెక్క వేసుకోవలసిందిగా సహోద్యోగులను కోరుతున్నాము.